మడి కట్టిన కంప్యూటర్

మొన్న చిక్కబళ్లాపురంలో మా ఆఫీసు బీరువా తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. పాత ఫైళ్లకు పురుగు పట్టకుండా ఎవరో వేసినట్టున్నారు. ఆ వాసన తగిలితే చాలామందికి పెట్టెలో దాచిన పట్టుచీరలు గుర్తొస్తాయి. నాకు ఒక కంప్యూటర్ గుర్తొస్తుంది. బాగేపల్లిలో సరోజమ్మగారి డీటీపీ షాపులో ఉండేది అది. దాని వెనక, వేడిగాలి బయటికి వచ్చే చోట, ఆమె ఒక గుడ్డముక్కలో కలరా ఉండలు మూటకట్టి వేలాడదీసేది. లోపల బొద్దింకలు కాపురం పెడతాయని ఆమె భయం. మిషన్ వేడెక్కిందంటే షాపంతా అదే వాసన. పెళ్లిపత్రిక కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటే, "పెండ్లిచీర వాసనప్పా, శుభమే" అని నవ్వేది.

నేను ఆ షాపులో చేరింది డిప్లొమా ముగించి, బెంగళూరులో ఉద్యోగం దొరక్క తిరిగొచ్చిన ఏడాది. మాది గూళూరు పక్కన పల్లె. బోరులో నీళ్లుంటే పంట, లేకుంటే లేదు. సరోజమ్మగారిది తరతరాలుగా బాగేపల్లిలో వ్యాపారం చేసే శెట్ల ఇల్లు. భర్త బట్టల అంగడి చూసుకునేవాడు. ఈమె పెళ్లయ్యాక టైపు నేర్చుకుని, టైపు మిషన్ పోయి కంప్యూటర్ వస్తే అదీ నేర్చుకుని, బస్టాండు వెనక సొంతంగా షాపు పెట్టుకుంది. నేను చేరిన మొదటి రోజే ఒక తెలుగు పెళ్లిపత్రిక నా ముందు పెట్టి చదవమంది. నేను నీళ్లు నమిలాను. కర్ణాటక సరిహద్దులోని మా పక్క అందరిలాగే నాకు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగు అక్షరం రాదు. "అమ్మతో మాట్లాడే భాషే గదప్పా, మొహం చూస్తే గుర్తుపట్టవా?" అంది. ఆమె పక్కన కూర్చుని, పెళ్లిపత్రికల మీదే నేను అక్షరాలు దిద్దుకున్నాను. నేను తెలుగులో మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట 'సకుటుంబ సపరివారంగా'. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే.

ఆ కంప్యూటర్‌లో అక్షరాల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉండేది. తెలుగులో కొట్టి ఒక మీట నొక్కితే అవే మాటలు కన్నడ లిపిలోకి మారిపోయేవి. భాష తెలుగే, అక్షరాలు మాత్రం కన్నడం. పల్లెల్లో పౌరాణిక నాటకాలు ఆడేవాళ్లకు అది వరం. పద్యం తెలుగులోనే పాడతారు, చదవడానికి కన్నడ అక్షరాలే కావాలి. దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది విండోస్ తొంభై ఎనిమిది మీద తప్ప ఇంకెక్కడా నడవదు. గూళూరు నాటకం మేష్టరు వెంకటరామప్ప తన భారత యుద్ధ నాటకాన్ని సరోజమ్మగారికి నోటితో చెప్పి కొట్టించాడు. సొంతంగా కట్టుకున్న నాటకం. జీవితమంతా శిష్యులకు నోటిపాఠంగానే నేర్పాడు. కాగితం మీద ఎన్నడూ పెట్టలేదు. చూపు మందగించాక భయం పుట్టి, మధ్యాహ్నాలు షాపుకు వచ్చి కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. కృష్ణుడి మాటలు వచ్చినప్పుడు మాత్రం లేచి నిలబడి చెప్పేవాడు. ఆ వేషం ఆయనదే.

2006లో ఆ తొంభై ఎనిమిదికి ఇక కంపెనీ మద్దతు ఉండదని పేపర్లో చదివి నేనే ఆమెకు చెప్పాను. ఆమె ఏమనుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. గడువు దాటిన మరుసటి ఉదయం నేను పోయేసరికి షాపు ముందే తెరిచి ఉంది. ఊదుబత్తి వెలుగుతోంది. ఆమె చెయ్యి స్విచ్ మీద ఉంది. నొక్కింది. మిషన్ ఎప్పటిలాగే గుర్రుమని, పాట పాడుకుంటూ లేచింది. "లేసిందప్పా! చావలేదే!" అంది చిన్నపిల్లలా. నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వి, "నవ్వింది చాలు, ఇంక అర్థమయ్యేటట్ల చెప్పు" అంది.

"అది చావదమ్మా. ఇన్నాళ్లూ యాడన్నా బొక్క కనపడితే కంపెనీవాళ్లు పూడ్చను మందు పంపిస్తాండిరి. ఇంకమీదట పంపరు. బొక్క బొక్కగానే ఉంటాది. దొంగలకు అది తెలుసు."

"అంటే ఇల్లు గట్టిగానే ఉండాది. గోడ పగిలితే మెత్తే బేల్దారి ఊరిడిచి పోయినాడు. అంతేనా?"

"అంతేనమ్మా."

"మరి మనకుండే దోవలేమి?"

నేను పెద్ద ఇంజనీరులా గొంతు సవరించుకున్నాను. ఇదే మిషన్‌లో కొత్త సిస్టమ్ వేయొచ్చు. కానీ దీనికి అంత సత్తువ లేదు, వేసినా అక్షరాల సాఫ్ట్‌వేర్ నడవదు. ఉచితంగా దొరికే వేరే రకం సిస్టమ్ ఉంది. అందులోనూ అదే ఇబ్బంది. వైరస్‌లను పట్టే ప్రోగ్రామ్ వేసుకుని దేవుడి మీద భారం వేయొచ్చు. కొన్నాళ్లకు ఆ ప్రోగ్రామ్ చేసేవాళ్లూ ఈ పాతదాన్ని పట్టించుకోవడం మానేస్తారు. అన్నిటికన్నా కొత్త మిషన్ కొని దీన్ని పాతసామాన్లకు వేసేయడం మేలు అని ముగించాను. ఆమె ఆలోచించి, "దీన్ని ఎవరితోనూ కలవనీకపోతే?" అంది. "ఫోన్ తీగ పీకేసి, బయటి ఫ్లాపీ దీన్ని తాకకుండా చూసుకుంటే, దొంగ యాట్నించి వస్తాడు?"

"అట్లయితే రాడమ్మా. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. దీనికి మడి కడదాం."

ఆ మాట అని ఆమె తనలో తానే నవ్వుకున్న తీరు నాకిప్పటికీ కళ్ల ముందు ఉంది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు దండెం మీద ఆరేసిన అత్తగారి మడిచీరకు ఈమె కొంగు తగిలిందట. ఆ ముసలావిడ అంత చలిలో చీర మళ్లీ తడిపి, వణుకుతూ కట్టుకుని, పొద్దంతా ఎవరితోనూ మాట్లాడలేదట. "ఆమె వణికింది, నేను ఏడ్చినా. ఇద్దరికీ సుఖం లేదు. వంటింటి గడపకు ఈవల నిలబెట్టిన మనుషులు ఎంతమందో. మా అత్తతోనే పోనీ అని మా ఇంట్లో మడి నేను తీసేసినా" అంది. ఆమె ఇంట్లో ఏ కులంవాడైనా వంటింట్లోకి వెళ్లి కుండలో నీళ్లు ముంచుకోవచ్చు. నేనూ ముంచుకున్నాను. "మనుషులకు కడితే నొప్పి. మిషన్‌కు కడితే ఎవరికి నొప్పి?" అంది.

అలా మడి మొదలైంది. బయటి పనులకు, గిరాకీలు తెచ్చే ఫ్లాపీలకు ఒక కొత్త మిషన్ కొన్నాం. ఫోన్ తీగ దానికే. పాతదాంట్లో అక్షరాల పని మాత్రమే. దాంట్లోంచి కాగితం బయటికి వస్తుంది, బయటిదేదీ లోపలికి పోదు. ఫ్లాపీ పెట్టే నోటికి ఆమె అడ్డంగా ప్లాస్టర్ అంటించింది. ఇంకో కట్టడి కూడా పెట్టింది. ప్రతి శనివారం అందులో ఉన్నదంతా ఒక కొత్త ఖాళీ సీడీలోకి ఎక్కించి ఇంట్లో దాచాలి. మిషన్ ముసలిదయింది, మడి కట్టినంత మాత్రాన ఆయుష్షు పెరగదు కదా అని. ఆ పని నాది. మొదట్లో శ్రద్ధగానే చేశాను. తర్వాత విసుగు పుట్టింది. శనివారం సాయంత్రం ఊరికి పోయే బస్సు మీద ధ్యాస. ఆమె "సీడీ అయిందా అప్పా?" అని అడిగితే, ఖాళీ సీడీ మీద తేదీ రాసి, "అయిందమ్మా" అని చేతిలో పెట్టేవాణ్ని. ఆమె ఎన్నడూ అనుమానించలేదు. ముందు చెప్పిన మేష్టరు నాటకం కొట్టడం మొదలుపెట్టింది నేను ఈ అబద్ధాలకు అలవాటు పడ్డాకే.

మేష్టరు ఆ చలికాలంలో పోయాడు. నాటకం అప్పటికి పూర్తయింది. తప్పులు దిద్ది, ఎండాకాలం జాతరకు ముందు అచ్చు తీసి ఇద్దామని ఆమె అనుకుంది. ఆ మధ్యలో ఒకరోజు ఆమె చింతామణికి పెళ్లికి పోయింది. నాతో చదువుకున్న స్నేహితుడొకడు చెల్లెలి పెళ్లిపత్రిక కోసం అంచు బొమ్మలున్న ఫ్లాపీ తెచ్చాడు. ఆ బొమ్మలు పాత సాఫ్ట్‌వేర్‌లోనే తెరుచుకుంటాయి. "మీ యమ్మ లేకపోతే నీకు చేతగాదా?" అన్నాడు. ఆ మాట సూదిలా దిగింది. ఫ్లాపీని కొత్త మిషన్‌లో పెట్టి చూశాను, ఏ తేడా కనిపించలేదు. ప్లాస్టర్ పీకాను. పని చేసుకుని మళ్లీ అంటించాను. ఆమె తిరిగొచ్చి ప్లాస్టర్ వైపు చూడనైనా చూడలేదు. మనిషి మీద నమ్మకమున్నవాళ్లు ప్లాస్టర్లు చూడరు.

ఏప్రిల్ చివర్లో ఒక పొద్దున మిషన్ లేవలేదు. నల్లటి తెర. ఆమె మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కింది. "నిన్న సాయంత్రం నేనేమన్నా తప్పు మీట నొక్కినానేమో" అంది. నేను మాట్లాడలేదు. ఆ మౌనం నా మొదటి తప్పు కన్నా పెద్దది. డబ్బా ఒళ్లో పెట్టుకుని చింతామణిలో రిపేరు చేసే మనిషి దగ్గరికి బస్సులో పోయాను. అతను చాలాసేపు చూసి పెదవి విరిచాడు. "పాత రకం వైరసప్పా. కొత్త సిస్టమ్‌ల మీద దీని పప్పులుడకవు. తొంభై ఎనిమిది దొరికిందంటే ఇడవదు. దానికి పెట్టిన తేదీ వచ్చేదాకా గమ్మునుండి అంతా తుడిచేస్తాది. ఏమైనా కాపీ ఉండాదా?" తిరుగు బస్సులో ఆ ప్రశ్న నా పక్కనే కూర్చుని వచ్చింది.

"సీడీలు ఉండాయి గదా, దిగులేమి?" అంటూ ఆమె ఇంట్లోంచి కట్ట తెచ్చింది. కొత్త మిషన్‌లో ఒక్కొక్కటే పెట్టాను. మొదటివాటిలో పాత పత్రికలున్నాయి. తర్వాతవన్నీ ఖాళీ. "సీడీలు కూడా చెడిపోయినాయా?" అందామె. అవునన్నట్టు తల ఊపాను. ఆ రోజంతా ఆమె తన్ను తానే తిట్టుకుంది, ఎండ తగిలేచోట పెట్టినానేమోనని. మరునాడు నాటకం వాళ్లకు సంగతి చెప్పాలని ఇద్దరం గూళూరు బస్సెక్కాం. కిటికీ పక్కన ఆమె, ఒళ్లో ఖాళీ సంచి. "ఆ మేష్టరు నన్ను నమ్మి చెప్పినాడప్పా. ఏ మొహం పెట్టుకుని పోయేది?" అంది. ఇక నావల్ల కాలేదు. ఫ్లాపీ, ప్లాస్టర్, ఖాళీ సీడీలు అన్నీ చెప్పేశాను. ఆమె ఒళ్లోని ఖాళీ సంచిని మడత పెట్టింది. బస్సు ఆగింది. "నిన్ననే చెప్పుంటే రాత్రి నిద్రన్నా పోయుందును" అంది. తర్వాత, "దిగు, ఊరొచ్చింది" అంది.

దుర్యోధనుడి వేషం కట్టే నారాయణప్ప వేరుశనక్కాయలు వొలుస్తూ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను తల వంచుకుని, మిషన్ చెడి నాటకం పోయిందని మాత్రం చెప్పాను. ఆయన కాయలు పక్కకు తోసి, "మిషన్‌లో పోతే పోనీలేప్పా. నా పాత్ర నా నోట్లో ఉండాది. అది యాడికి పోతాది?" అని అక్కడికక్కడే తొడ చరిచి మొదలుపెట్టాడు. పక్కింట్లోంచి కర్ణుడు వచ్చాడు. పేడచేతులతోనే భీముడు వచ్చాడు. ఆ వారమంతా మేం గూళూరుకు తిరిగాం. వాళ్లు చెప్తుంటే ఆమె అడుగుతూ, నేను రాస్తూ పోయాం. దుర్యోధనుడు మధ్యలో ఆగితే భీముడు ఎగతాళి చేసేవాడు: "ఏమయ్యా రాజా, మాట మింగితివే! పెండ్లాం గుర్తొచ్చెనా?" నాటకం తిరిగి లేచి నిలబడుతోంది.

కృష్ణుడి దగ్గర ఆగిపోయింది. ఆ వేషం మేష్టరుది. ఇంకెవరికీ రాదు. తక్కినవాళ్లకు ఆయన మాటల్లో చివరి ముక్కలు మాత్రమే తెలుసు. అవి వినబడగానే తాము అందుకోవాలి కాబట్టి అవి గుర్తున్నాయి. "...అది నీ ధర్మము, పార్థా." దానికి ముందేముందో అర్జునుడికే తెలియదు. "...ఇక నీ ఇష్టము, సుయోధనా." దానికి ముందు ఏమి బతిమాలాడో దుర్యోధనుడికి తెలియదు. "నా వంతు ఎప్పుడొస్తాదా అని చూస్తాంటినప్పా, ఆయన మాట యాడ విన్నా" అన్నాడు నారాయణప్ప దిగులుగా. తప్పు దిద్దుకోవాలనే ఆత్రంలో నేను రెండు రోజులు కూర్చుని కృష్ణుడి మాటలు సొంతంగా రాసి తెచ్చాను. సరోజమ్మగారు చదివింది. "బాగుండాయి. కానీ మేష్టరువి కావు" అని మడిచి నా చేతికే ఇచ్చింది. "పోగొట్టింది పోయినట్టు కనపడాల. పూడ్చి మెత్తితే, ఇదే మేష్టరు చెప్పినాడని రేపు అందరూ అనుకుంటారు. అది ఇంకో ఖాళీ సీడీ అయితాది." ఆమె నన్ను అన్న ఒకే ఒక్క కఠినమైన మాట అది. నాటకాన్ని కొత్త మిషన్‌లో నేరుగా కన్నడ అక్షరాల్లోనే మళ్లీ మొదటినుంచి కొట్టి, కృష్ణుడి చోట చుక్కలు పెట్టి, చివరి ముక్క ఉంచి అచ్చు తీసింది.

జాతరలో కొత్త కృష్ణుడు చుక్కలున్న చోటల్లా కదలకుండా నిలబడ్డాడు. ఏమి చేయాలో తోచక హార్మోనియం వాయించే ఆయన సన్నగా శృతి పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి, "అది నీ ధర్మము, పార్థా" అన్న మాట వినిపించింది. జనం కిక్కురుమనలేదు. సరోజమ్మగారు నా పక్కనే చాప మీద కూర్చుని ఉంది. ఎవరి వల్ల పోయిందో ఆ రోజు కానీ, బతికున్నంత కాలం కానీ, ఆమె ఒక్కరికీ చెప్పలేదు. నన్ను పనిలోంచి తీయలేదు. శనివారం సీడీ పని మళ్లీ నాకే ఇచ్చింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

గూళూరులో ఆ నాటకం ఇప్పటికీ ఆడతారు. నేను తప్పకుండా పోతాను. పోయినసారి కృష్ణుడి వేషం కొత్తగా కట్టిన కుర్రవాడు ముఖాన రంగు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, కృష్ణుడు గమ్మున నిలబడే చోటు ఉండాది చూడు, ఒళ్లు జలదరిస్తాది. మేష్టరు ఎంత గొప్పోడు! కావాలనే అట్ల పెట్టినాడంట గదా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అవునవునంటున్నారు. తల ఊపితే సరిపోయేది.

"లేదప్పా" అన్నాను. "ఆడ మాటలుండె. పోగొట్టింది నేను. కూచో, చెప్తా."