స్కానర్‌కి పెట్టిన బొట్టు

ముందు టీ తాగండి, చల్లారిపోతోంది. నవ్వడానికి తొందరేం లేదు. ఊరంతా ఇప్పటికే నవ్వేసింది, మీ వంతు ఇప్పుడొచ్చిందంతే. ఖరగ్‌పూర్‌లో ఇందా అనే పేట బజారుకి కూరగాయలకి వెళ్తే చాలు, "అదిగో ధర్నా దీదీ!" అని వేలు పెట్టి చూపిస్తున్నారు. సగం మంది నేనేదో పెద్ద పోరాటం చేశానని దండం పెడుతున్నారు. మిగతా సగానికి అసలు సంగతి తెలుసు. మీరు ఏ సగంలో ఉన్నారో నాకు తెలీదు గానీ, ఒక మాట ముందే చెప్పేస్తున్నాను. తప్పు నాదే. అయినా నేను తగ్గలేదు, తగ్గను కూడా!

నేను పని చేసేది ఖరగ్‌పూర్ అంచున ఒక పంచాయతీ ఆఫీసులో. ఏ పంచాయతీ అని అడక్కండి, ఇంకా అక్కడే పని చెయ్యాలి నేను. జనన మరణాల రిజిస్టర్లు నా చేతిలో ఉంటాయి. ఈ ఏడాది వానల్లో మాకొక కంప్యూటరు, దాంతోపాటు ఒక స్కానరు దిగాయి. పాత రిజిస్టర్లన్నీ విప్పి, పేజీ పేజీ స్కాన్ చేసి, సీడీల్లోకి ఎక్కించమని ఆర్డరు. కంప్యూటరు క్లాసుకి వెళ్ళొచ్చిన పాపానికి ఆ పని నా నెత్తిన పడింది.

మా బొడోబాబు, అంటే హెడ్ క్లర్కు, ఆయన ఆనందం చూడాలి! "సత్యా, రెండువేల సంవత్సరం వచ్చేస్తోంది. ఇంకా ఈ చెదల కాగితాలేమిటి? సీడీ అయిపోగానే అన్నీ పాత కాగితాలవాడికి ఇచ్చేద్దాం" అన్నాడు. ఆయనకి కంప్యూటరు మీద ప్రేమేం లేదు, దాన్ని ముట్టుకోడు కూడా. రికార్డు రూము ఖాళీ అయితే అందులో తన టేబులు వేసుకోవాలని, దక్షిణం కిటికీ గాలి బాగా వస్తుందని ఎప్పట్నుంచో కన్ను.

"కాగితం ఉండాలి కదా దాదా, మిషను పాడైతే?" అని నేను అన్నాను. నిజంగా అన్నాను. సాక్షులున్నారు. ఆయన చెయ్యి ఊపేశాడు.

ఈలోగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఇక్కడే కథ మొదలు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరైపోయి తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నా, నేను పుట్టి పెరిగింది నిమ్‌పురా క్వార్టర్లలో. విశ్వకర్మ పూజంటే మా ఇంట్లో దసరా కూడా దాని తర్వాతే. ఆ రోజు పనిముట్టు ముట్టుకోకూడదు. సుత్తి దగ్గర్నుంచి మా అమ్మ కుట్టుమిషను దాకా అన్నిటికీ బొట్టు పడాల్సిందే. ఆ బొట్టు కూడా మామూలు కుంకుమ కాదు. కుంకుమలో నాన్న కాస్త వార్నిష్ కలుపుతాడు. నూనె కారే మిషన్ల మీద ఉత్త కుంకుమ నిలవదని, వర్క్‌షాపులో ఆయన గురువుగారు నేర్పిన కిటుకు అది.

ముందురోజు సాయంత్రం నాన్న చిన్న డబ్బా నా చేతిలో పెట్టాడు.

"ఇదిగో, మీ ఆఫీసు మిషన్‌కి కూడా పెట్టు. కొత్తది కదా, మొదటి పూజ."

"ఎక్కడ పెట్టాల నాన్నా? మూత మీదా?"

నాన్నకి కోపమొచ్చేసింది. "మూత మీదేటే! దుప్పటికి బొట్టెడతావేటి? పన్జేసే సోట పెట్టాల. లేతుకైతే చక్కు మీద, డ్రిల్లుకైతే స్పిండిలు మీద. నీ మిషను ఎక్కడ పన్జేస్తాదో అక్కడెట్టు. ఇంకో మాట. తుడవకు! పెట్టిన బొట్టు సేత్తో తుడిస్తే అపచారం. పన్లో అదే అరిగిపోద్ది."

సరే, స్కానరు ఎక్కడ పని చేస్తుంది? అద్దం మీద! కాగితం బోర్లించేది అక్కడే, వెలుగు నడిచేది అక్కడే. మీరే చెప్పండి, నా లాజిక్‌లో తప్పేముంది? పూజ రోజు పొద్దున్నే వెళ్ళి, మూత ఎత్తి, అద్దం మీద రూపాయి బిళ్ళంత బొట్టు గుండ్రంగా దిద్దాను. పువ్వు పెట్టాను, అగరుబత్తి వెలిగించాను. మా పక్క సీటువాళ్ళందరూ వచ్చి దండం పెట్టుకుని ప్రసాదం తిన్నారు. బొడోబాబు కూడా తిన్నాడు, రెండోసారి అడిగి మరీ తిన్నాడు.

మర్నాటికి బొట్టు రాయిలా గట్టిపడింది. నాన్న వార్నిష్ కదా! పువ్వు తీసి పని మొదలెట్టాను. కాగితం పెట్టు, మూత వెయ్యి, బటన్ నొక్కు, తియ్యి. మళ్ళీ పెట్టు, మళ్ళీ నొక్కు. తెర మీద పేజీ తపాలా బిళ్ళంత కనిపించేది, పెద్దది చెయ్యాలంటే ఆ కంప్యూటరు మూలుగుతూ ఉండిపోయేది. ఎవడు ఆగుతాడు! ప్రతి పేజీలో ఏదో నల్లటి చుక్క కనిపిస్తూనే ఉంది. ఆఫీసు ముద్ర అనుకున్నాను. మన ప్రభుత్వ కాగితమ్మీద ముద్ర లేకుండా ఏదైనా ఉంటుందా?

దుర్గా పూజ సెలవులకి ముందే పని అయిపోయింది. బొడోబాబు ఒక్క సీడీ కూడా తెరవకుండా, "సరిచూశాను, అన్నీ సవ్యంగా ఉన్నాయి" అని రాసి సంతకం గీకేశాడు. మర్నాడే పాత కాగితాలవాడి రిక్షా బండి గుమ్మంలో నిలబడింది. రిజిస్టర్లన్నీ గోనె బస్తాల్లోకి కుక్కి వరండాలో పెట్టారు.

సరిగ్గా అప్పుడే నూకాలమ్మత్త వచ్చింది. మా నిమ్‌పురా పాత పొరుగు ఆవిడ. మొగుడు యార్డులో ఖలాసీ, సర్వీసులో ఉండగానే పోయాడు. అప్పటికి కూతురు చిన్నపిల్ల. ఇప్పుడు ఆ పిల్ల పెద్దదైంది, తండ్రి ఉద్యోగం బదులు రైల్వే ఏదో ఒక పని ఇస్తుంది. దానికి మరణ ధ్రువపత్రం కొత్త కాపీ కావాలి, పూజ సెలవుల్లోపు ఆఫీసులో పడెయ్యకపోతే కేసు మూసేస్తామన్నారట.

"ఏటమ్మా సత్యా, కంప్యూటర్లోంచి నిమిషంలో వచ్చేస్తాదంట కదా!" అంది అత్త.

"కూసో అత్తా, ఇప్పుడే ఇస్తాను" అని డాబుగా సీడీ పెట్టాను. పేజీ ప్రింటు తీశాను. ఊరు ఉంది, తేదీ ఉంది. పేరు ఉండాల్సిన చోట మాత్రం ఇంత గుండ్రటి నల్ల మచ్చ!

అత్త కాగితం అటూ ఇటూ తిప్పింది. "మా ఆయనేడీ?"

ఇంకో పేజీ తీశాను. అక్కడా అదే మచ్చ, అదే చోటు. ఇంకొకటి తీశాను. ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళందరి పేర్లూ గల్లంతు! లేచి మూత ఎత్తి చూశాను. అద్దం మీద నా బొట్టు నిగనిగలాడుతూ నవ్వుతోంది.  బయట రిక్షావాడు మొదటి బస్తా భుజానికెత్తుతున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఏం చెయ్యాలి? వెళ్ళి "బాబూ, నేనే పాడు చేశాను" అంటే బొడోబాబు నన్ను ఇంటికి పంపేస్తాడు. చెప్పకపోతే నూకాలమ్మత్త మొగుడు పొట్లాల కాగితమై ఏ బజార్లోనో తేలతాడు, ఆ పిల్ల ఉద్యోగం గంగలో కలుస్తుంది. ఆలోచించే టైము లేదు. పరుగెత్తుకెళ్ళి బస్తాల మీద ఎక్కి కూర్చున్నాను.

"ఒక్క కాగితం కదిలినా ఊరుకోను!" అని అరిచాను.

"కీ హోలో? ఏమైంది?" అంటూ బొడోబాబు బయటికొచ్చాడు. "దిగు!"

"దిగను. సీడీలో ప్రతి పేజీ కాగితంతో సరిచూసేదాకా ఒక్క రిజిస్టరు కూడా బయటికి పోకూడదు. ఇది ప్రజల రికార్డు!"

నిజం చెప్తున్నాను, ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చిందో నాకే తెలీదు. కానీ ఎంత బాగా వచ్చిందో! రెండోసారి ఇంకా గట్టిగా అన్నాను.

ఇది ఆంధ్రా అయితే నలుగురూ చూసి నవ్వి పోయేవారు. ఇది బెంగాల్. మా యూనియన్ లీడరు సుబల్‌దా ముందు జెండా తెస్తాడు, కారణం తర్వాత కనుక్కుంటాడు. జెండా నా చేతిలో పెట్టి "చోల్‌బే నా!" అన్నాడు, అంటే సాగదు అని. ఆఫీసంతా బయటికొచ్చి "చోల్‌బే నా, చోల్‌బే నా!" అంది. ధ్రువపత్రాల కోసం వచ్చిన జనం కూడా కలిశారు. రిక్షావాడు కూడా బండి పక్కన పెట్టి గొంతు కలిపాడు. నూకాలమ్మత్తకి బెంగాలీ బాగా వచ్చు, అందరికంటే గట్టిగా అరిచింది. ఎవరో నా మెడలో బంతిపూల దండ వేశారు. తప్పు నాదని తెలిసి కూడా, బస్తా మీద కూర్చుని నేను నినాదాలిస్తున్నాను!

మధ్యాహ్నానికి బ్లాక్ ఆఫీసరు జీపులో వచ్చాడు. కుర్ర ఆఫీసరు, ఓపికగా అన్నీ విన్నాడు. అదే సమయానికి మా నాన్న సైకిలు మీద దిగాడు, చేతిలో టిఫిను క్యారేజీ. కూతురు ధర్నాకి కూర్చుందని ఊళ్ళో తెలిసిందట. రైల్వే సమ్మెల్లో మెతుకు లేకుండా కూర్చున్న మనిషికి నన్ను చూసి కళ్ళు చెమ్మగిల్లాయి. "బాగుందే తల్లీ" అన్నాడు. అప్పుడు నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఠీక్ హై. సీడీలో లోపం ఏమిటో చూద్దాం" అన్నాడు ఆఫీసరు.

అందరూ కంప్యూటరు చుట్టూ మూగారు. పేజీ తెరిచారు, పెద్దది చేశారు. మచ్చ! ఇంకోటి. మచ్చ! బొడోబాబుకి చెమటలు పట్టాయి. "స్క్రీన్ ఖరాబు సార్" అన్నాడు. సుబల్‌దా "పైవాళ్ళ కుట్ర" అన్నాడు. నేనా? దండ సర్దుకుంటున్నాను.

అప్పుడు మా నాన్న కళ్ళజోడు పెట్టుకుని ముందుకి వంగాడు. "కుట్రేటి బాబూ! అది బొట్టు. సూడండి, ఎంత సక్కగా పడిందో! నేనే కలిపినాను. మా పిల్ల పెట్టింది" అన్నాడు గర్వంగా. తెలుగులో అని ఊరుకోలేదు, హిందీలో చెప్పాడు, అది చాలదన్నట్టు బెంగాలీలో కూడా చెప్పాడు.

అంత జనమూ ఒక్కసారి నా వైపు తిరిగారు. సుబల్‌దా మెల్లగా నా చేతిలోంచి జెండా తీసేసుకున్నాడు.

బొడోబాబు మొహం వెలిగిపోయింది. "సార్! ఈ అమ్మాయే చేసింది సార్! చేసి మళ్ళీ ధర్నా!"

ఒళ్ళు మండిపోయింది నాకు. భయమెక్కడికి పోయిందో! "అవును, నేనే పెట్టినాను. అయితే ఏటి? నా బొట్టు బ్లేడుతో గీకితే పోద్ది. మీరు కాగితాలు అమ్మేస్తే ఎక్కడ్నుంచి తెస్తారు? ఈవిడ మొగుడి పేరు ఎవర్నడుగుతాది? అన్నీ సవ్యంగా ఉన్నాయని సంతకం పెట్టినారు కదా దాదా, ఒక్క పేజీ తెరిచి సూసినారా? బొట్టెట్టిన రోజు ప్రసాదం తినడానికి రెండుసార్లు వచ్చినారు, పేజీ సూడ్డానికి ఒక్కసారి రాలేకపోయినారా?" కోపంలో నేనూ మూడు భాషల్లోకి దిగాను, ఏ ముక్క ఏ భాషలో అన్నానో గుర్తులేదు.

"చోల్‌బే నా!" అంది నూకాలమ్మత్త, ఒక్కర్తే. మళ్ళీ జెండా నా చేతిలోకి వచ్చేసింది.

ఆఫీసరు నవ్వాపుకోలేక రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత బస్తాలు విప్పించాడు. జనమంతా వరండాలో కూర్చుని వెతికితే అత్త మొగుడి పేజీ దొరికింది. కాగితమ్మీద పేరు చెక్కుచెదరకుండా ఉంది. బొడోబాబు చేత తన దస్తూరీతో కాపీ రాయించి, సంతకం పెట్టించి, ఆవిడ చేతిలో పెట్టాడు. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని దాన్ని జాకెట్లో దోపుకుంది. ఆ పిల్ల కాగితాలు టైముకి ఆఫీసులో పడ్డాయి. అందుకే అంటున్నాను, ఆ రోజు బస్తా ఎక్కినందుకు నేను సిగ్గుపడను. బొట్టు పెట్టినందుకు కూడా పడను. వచ్చే ఏడు కూడా పెడతాను. నాన్న ఏమన్నా సరే, ఈసారి మూత మీద.

సెలవులయ్యాక లిఖితపూర్వకంగా ఆర్డరు వచ్చింది. ధర్నా డిమాండ్లన్నీ పూర్తిగా ఆమోదించారు. ఒక్క కాగితం కూడా బయటికి పోకూడదు. ప్రతి పేజీ మళ్ళీ స్కాన్ చెయ్యాలి, ప్రతి పేజీ కాగితంతో సరిచూడాలి, సరిచూసినవాళ్ళు పేజీ పేజీకీ సంతకం పెట్టాలి. కింద, ఈ పనికి నియమించిన ఉద్యోగి పేరు. నాదే! ఇంకొకరెవరైనా తోడున్నారేమోనని వెనక వైపు కూడా తిప్పి చూశాను.

ఇప్పుడు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆ గదిలోనే నా కాపురం. తెర ఒకసారి, కాగితం ఒకసారి, సంతకం ఒకసారి. బొడోబాబు గుమ్మంలోంచి తొంగి చూసి "కీ దీదీ, ఆందోళన్ ఎలా సాగుతోంది?" అని అడిగి మరీ వెళ్తున్నాడు. మళ్ళీ ధర్నాకి దిగుదామా అంటే ఎవరి మీద దిగాలి? డిమాండు నాదే, తప్పు నాదే, చాకిరీ నాదే. పోనీ కనీసం ఎక్కి కూర్చుందామంటే బస్తాలు కూడా లేవు, అన్నీ నేనే విప్పి అరల్లో సర్దేశాను!