ఖాళీగా ఉండాల్సిన క్లాసు

మొన్న మా కాలేజీ ల్యాబులో అటెండరు స్పిరిటు డబ్బా మూత తీశాడు. ఆ వాసన ముక్కుకు తగిలిందో లేదో కరీంనగర్ మాయమైపోయింది. బహ్రెయిన్‌లో ఈసా టౌన్ పక్కనున్న ఒక పొడవాటి గది, ఏసీ చలిలో నీలంగా వెలిగే స్పిరిటు దీపాలు, తెల్లకోట్లు తొడుక్కున్న ముప్ఫైమంది పిల్లలు కళ్ళముందు నిలిచారు. వాళ్ళ వెనకాల తలుపు అద్దంలోంచి నన్నే చూస్తున్న ఒక మొహం. అది రఫియా ఆపాది. ఇరవయ్యేళ్ళు కావస్తోంది. ఆమె నాకు చాలా నేర్పింది. ఆమెను చూసి నేను కుళ్ళుకున్నంతగా ఇంకెవరినీ చూసి కుళ్ళుకోలేదు. ఈ రెండూ ఒకే మనిషి విషయంలో ఎలా కుదిరాయని అడిగితే చెప్పాల్సింది చాలా ఉంది.

నన్నెరిగినవాళ్ళు నేను చెప్పేదాన్ని సగానికి కోసి వింటారు. బహ్రెయిన్ ఎండకు నా చెప్పులు కరిగి తారులో కలిసిపోతే, మున్సిపాలిటీవాళ్ళు వాటిమీదే తెల్లగీతలు గీసేసి వెళ్ళారని నేను చెప్పిన కథ జగిత్యాలలో ఇప్పటికీ తిరుగుతోంది. బహ్రెయిన్ అంటే దుబాయిలో ఒక వాడ అనుకునే మా అమ్మ కూడా ఆ చెప్పుల కథను నాకంటే రెండాకులు ఎక్కువే చెప్పేది. ఆపా విషయంలో మాత్రం కోతలు కోయలేను. కోద్దామని చాలాసార్లు చూశాను, కుదరలేదు.

అప్పుడు మేము పద్నాలుగుమందిమి. డిగ్రీలు, పీజీలు చేసి, ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లుగా చేరినవాళ్ళం. పొద్దున ల్యాబులు నడపాలి, పరీక్ష పేపర్లు దిద్దాలి, సాయంత్రం అక్కడే పైచదువు చదువుకోవాలి. వీసా ఆ ఉద్యోగం మీదే. ఎవరైనా రాకపోతే పక్కవాడు వెళ్ళి ఆ క్లాసు తీసుకునేవాడు. దాన్ని 'కవర్' అనేవాళ్ళం. ఏ కాగితంలోనూ లేని పని అది. నిజానికి ఆ ఇన్‌స్టిట్యూట్ మొత్తం ఆ లేని కాగితం మీదే నడిచేది.

ఆ దేశంలో యూనియన్లు పెట్టుకోవచ్చని చట్టం వచ్చి అప్పటికి కొన్నేళ్ళే. మా దగ్గర కూడా సిబ్బంది యూనియన్ ఒకటి ఉండేది. మమ్మల్నీ చేర్చుకోమని అడగడానికి వెళ్ళాం. సెక్రటరీ అబ్బాస్ లైబ్రరీలో పనిచేసే బహ్రెయినీ పెద్దమనిషి. "అసలు మీరు విద్యార్థులా, ఉద్యోగులా?" అని ఆయన హిందీలోనే సూటిగా అడిగాడు. మావాళ్ళంతా నావైపు చూశారు. మాటలవాణ్ణి నేనే కదా మరి. టీ గదిలో నేను నోరు విప్పితే గ్లాసుల్లో చాయ్ చల్లారిపోయేది. గొంతు సవరించుకుంటున్నాను. ఈలోగా మూలన కూర్చున్న రఫియా ఆపా నెమ్మదిగా అంది: "సెలవు అడిగితే ఉద్యోగులంటారు సాబ్. కూర్చోడానికి ఒక బల్ల అడిగితే విద్యార్థులంటారు."

అబ్బాస్ పెద్దగా నవ్వి, సొరుగులోంచి సభ్యత్వ ఫారాలు తీశాడు.

ఆ మాట నాది కావలసింది. నా నాలుక చివరిదాకా వచ్చిందని కూడా చెప్పుకోలేను. నాకది తట్టనే లేదు. తర్వాత ఎన్నో చోట్ల ఆ మాట నేనే అన్నట్టు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ జనం నవ్వారు. ప్రతిసారీ నాకు కడుపులో మండింది.

ఆపా కూడా మా పద్నాలుగుమందిలో మనిషే, ఊరు నల్లగొండ. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, అందుకే అక్క అన్నట్టు ఆపా అనేవాళ్ళం. ఆమె భర్త మందుల కంపెనీకి వ్యాను నడిపేవాడు. సల్మానియా పేటలో వాళ్ళది రెండు గదుల ఫ్లాటు. శుక్రవారం మధ్యాహ్నాలు మా మీటింగులు అక్కడే జరిగేవి. అక్కడ ఆమె ఒక పద్ధతి పెట్టింది. అందరూ వరసగా మాట్లాడాలి. చివర్లో, ఎక్కువసేపు మాట్లాడినవాళ్ళు చాయ్ కప్పులు కడగాలి. మొదటి నాలుగు వారాలూ కప్పులు కడిగింది నేనే. ఐదోవారం నోరు బిగబట్టుకుని కూర్చున్నాను. అయినా కడిగింది నేనే. నోరు ఎందుకు బిగబట్టానో వివరించేసరికి అందరికంటే ఎక్కువసేపు పట్టింది. ఆపా చెయ్యి ఎప్పుడూ తడి కాలేదు. "నీకేం కావాలె?" అని ఒక్కొక్కర్ని అడిగేది, చెప్పింది వినేది. అంతే. అందులో ఏముందని జనం ఆమె చుట్టూ చేరతారో నాకు అర్థమయ్యేది కాదు. టీ గదిలో ఇప్పుడు నా కథ మధ్యలో ఉండగానే ఎవరో లేచి, "ఆపా వచ్చిందా?" అనేవాళ్ళు.

అప్పుడొచ్చింది నిలంతి సంగతి. శ్రీలంక పిల్ల, నెమ్మదస్తురాలు, కెమిస్ట్రీ ల్యాబు ఆమెదే. టైఫాయిడ్ వచ్చి మూడువారాలు పడుకుంది. లేచి వచ్చేసరికి కాంట్రాక్టు అయిపోయింది, మళ్ళీ రాసేది లేదని కాగితం ఇచ్చారు. నెలాఖరుకు వీసా పోతుంది. థీసిస్‌లో ఇంకా రెండు అధ్యాయాలు మిగిలున్నాయి. వాటిని కొలంబోలో కూర్చుని పూర్తిచేసే వీలు లేదు.

ఆ శుక్రవారం సమ్మె చేద్దామని గట్టిగా అన్నది నేనే. ఎలా చెయ్యాలో చెప్పమంటే మాత్రం నా దగ్గర ఉపన్యాసం తప్ప ఇంకేమీ లేదు. ఆపా అందరి మాటా విని, చివర్లో అంది: "సమ్మె వద్దు. మన డ్యూటీ మనం చేద్దాం, ఒక్క నిమిషం కూడా తక్కువ కాకుండా. నిలంతి క్లాసు మాత్రం ఎవ్వరూ కవర్ చెయ్యొద్దు. ఆ గది ఖాళీగా ఉంటే ఆమె ఎంత అవసరమో ఆ గదే వాళ్ళకు చెబుతుంది." పద్నాలుగుమందిమీ చేతులెత్తాం. చెయ్యి ఎత్తుతూ నేను అనుకున్నది ఒక్కటే. ఇంత తేలికైన ముచ్చట నాకెందుకు తోచలేదు?

అక్కడ వారం మొదలయ్యేది ఆదివారమే, ఆ రోజు ల్యాబు ఖాళీ. సోమ, మంగళ, బుధవారాలూ ఖాళీనే. పిల్లలు కోట్లు తొడుక్కుని వచ్చి, కాసేపు కూర్చుని వెళ్ళిపోయేవాళ్ళు. గురువారం పొద్దున డీన్ నన్ను తన గదికి పిలిపించాడు. బెదిరిస్తాడనుకుని మనసులో గట్టి జవాబులు తయారుచేసుకుని వెళ్ళాను. ఆయన కుర్చీ చూపించి, ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరిపి, ఇలా అన్నాడు: "మల్లేశ్, ఈ ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల్ని కూర్చోబెట్టగలిగేది నువ్వొక్కడివే. ఆ రఫియా మేడమ్ వల్ల అవుతుందా? నువ్వు పుట్టుకతోనే టీచరువి."

బెదిరించి ఉంటే నిలబడేవాణ్ణేమో. మూడు నెలలుగా ఎవరైనా ఆ మాట అంటారేమోనని ఎదురుచూస్తున్నాను. ఆమె వల్ల కాదు, నీవల్లే అవుతుంది. ఖర్జూరం నోట్లో ఉండగానే, నిలంతి క్లాసు తీసుకుంటానని తల ఊపాను.

ఆ క్లాసు అద్భుతంగా చెప్పానని చెప్పకపోతే అబద్ధమవుతుంది. దీపాలు వెలిగించి, ఏ లవణం ఏ రంగులో మండుతుందో చూపిస్తూ, మధ్యలో చెప్పుల కథ కూడా కలిపి, ముప్ఫైమందినీ పొట్టలు పట్టుకుని నవ్వించాను. పచ్చమంట మీద నుంచి తలెత్తి చూస్తే తలుపు అద్దంలో ఆపా. ఎంతసేపట్నుంచి ఉందో తెలియదు. కోపంగా లేదు. లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. బెల్లు కొట్టేదాకా బయట బెంచీ మీద కూర్చుంది.

"మంచిగ చెప్పినవ్. నవ్వులు మెట్లకాడి దాక వినవడ్డయ్," అంది నేను బయటికి రాగానే.

"ఆపా, అది ఏమైందంటే..."

"నాకెందుకు చెప్తున్నవ్? రేపు మీటింగుల చెప్పు."

"నువ్వే చెప్పెయ్యరాదు?"

"నాదా క్లాసు? నీదాయె."

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే డీన్ నిలంతికి ఫోన్ చేసి, నీ క్లాసుకు మనిషి దొరికాడు, ఇక సర్దుకో అన్నాడు. ఎవరు దొరికారో చెప్పలేదు.

శుక్రవారం ఆ ఫ్లాటులో ఎవరూ ఎవరి కళ్ళలోకీ చూడలేదు. అనుమానమంతా లాహోర్ కుర్రాడు ఇమ్రాన్ మీద. డీన్ కారిడార్‌లో అతని భుజం మీద చెయ్యేసి మాట్లాడటం ఎవరో చూశారట. "నేను కాదు భాయ్, ఖుదా కసం," అంటూ అతను చెమటలు కక్కుతున్నాడు. ఆపా నా మొహం కూడా చూడలేదు. నేనే గొంతు సవరించుకుని, నేనే వెళ్ళానన్నాను. వెంటనే హిందీలో కథ ఎత్తుకున్నాను. రాత్రంతా కూర్చుని అల్లిన కథ. తలుపులోంచి పొగ వచ్చిందని, దీపం ఒరిగి బల్ల అంటుకుందని, ఆర్పుదామని దూకితే పిల్లలు నా కోటు పట్టుకుని వదల్లేదని, ప్రాణం మీదికొచ్చి పాఠం చెప్పాల్సొచ్చిందని చెప్పాను. గది గదంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది ఇమ్రాన్. గండం గడిచిందనుకున్నాను.

ఆపా అప్పుడు నాతో తెలుగులో అంది: "నిలంతికి హిందీ సగమే వస్తది. మల్ల ఒకసారి ఆమెకు మెల్లగ చెప్పు. ఆమె మొఖం చూస్కుంట చెప్పు."

నిలంతి కార్పెట్ చివర కూర్చుంది. జబ్బుకు ఆమె మణికట్లు పుల్లల్లా అయిపోయాయి. నాకూ ఆమెకూ మధ్య ఉన్నవి నాలుగు ఇంగ్లీషు ముక్కలు. ఆ నాలుగు ముక్కల్లో పొగ రాలేదు, బల్ల అంటుకోలేదు. ఎంత వెతికినా దొరికిన మాటలు ఇవే: "నేను వెళ్ళాను. డీన్ నన్ను మంచి టీచర్ అన్నాడు. అందుకే వెళ్ళాను."

గదిలో నవ్వు ఆగిపోయింది. నిలంతి అడిగింది: "మళ్ళీ వెళ్తావా?"

"వెళ్ళను."

"అయితే సరే," అని చాయ్ తాగింది.

అంతే. ఎవరూ తిట్టలేదు. ఇమ్రాన్ మాత్రం, "ఈ వారం కప్పులే కాదు, గిన్నెలు కూడా నీవే," అన్నాడు. వంటగదిలో నేను కడుగుతుంటే ఆపా తుడుస్తోంది.

"నువ్వంటే నాకు కుళ్ళు ఆపా," అన్నాను సింకులోకి చూస్తూ.

"ఎరుకనే."

"ఎప్పట్నుంచి ఎరుక?"

"అబ్బాస్ సాబ్ దగ్గర నేను మాట్లాడిననాడే. పండ్లు నూరితివి." తుడిచిన కప్పు బోర్లించింది. "కుళ్ళుంటే ఉండనీ. అది నీ లోపలి ముచ్చట. నన్ను మెచ్చుకొమ్మని నేనెప్పుడన్న అడిగిన్నా? ఆ క్లాసుకు మాత్రం పోకు."

అప్పటిదాకా నేను అనుకున్నది వేరు. ఒకరంటే ఒకరికి ప్రేమ ఉంటేనే పదిమంది కలిసి నిలబడతారని, ప్రేమ లేనివాడు ఎలాగూ ద్రోహే అవుతాడని అనుకునేవాణ్ణి. ఆపా నా దగ్గర ప్రేమ అడగలేదు. నమ్మకం కూడా అడగలేదు. ఒక గది గడప దాటొద్దని అడిగింది. అది నేను చెయ్యగలిగిన పని. కుళ్ళుతూ కూడా చెయ్యొచ్చు.

ఆదివారం డీన్ మళ్ళీ పిలిచాడు. ఖర్జూరాలు లేవు. "అది నిలంతి క్లాసు సార్. నా పేరు మీద లేదు," అన్నాను. అంత చిన్న వాక్యం నా జన్మలో ఎక్కడా చెప్పలేదు. నీ వీసా కూడా నా సంతకం మీదే ఉందన్నాడు. ఆ వాక్యమే ఇంకోసారి చెప్పి బయటికొచ్చాను. పన్నెండు రోజులు ఆ ల్యాబు ఖాళీగా ఉంది. పిల్లల తండ్రులు వచ్చి డీన్ గది ముందు నిలబడ్డారు. యూనియన్ తరఫున అబ్బాస్ రెండుసార్లు లోపలికి వెళ్ళి మాట్లాడాడు. వీసా ముగియడానికి మూడు రోజుల ముందు నిలంతికి కొత్త కాంట్రాక్టు వచ్చింది, థీసిస్ అయ్యేదాకా. సంబరంలో అందరూ ఆపాను చుట్టుకున్నారు. నేనూ చప్పట్లు కొట్టాను. నిజం చెప్పాలంటే, ఆ చప్పట్ల మధ్యలో కూడా, నన్నెవరూ చుట్టుకోలేదేమని ఒక పురుగు తొలుస్తూనే ఉంది.

ఆ పురుగు ఇప్పటికీ చావలేదు. దానితోనే బతుకుతున్నాను, దాని మాట మాత్రం వినను. మా కాలేజీలో పార్ట్‌టైమ్ లెక్చరర్లు ఇద్దర్ని ఈ ఏడు మధ్యలో తీసేశారు. వాళ్ళ క్లాసులు తీసుకోమని యాజమాన్యంవాళ్ళు వచ్చినప్పుడు మెచ్చుకోలు మాటలు నాకు చాలానే చెప్పారు. సంతోషంగా అన్నీ విన్నాను. విని, అవి ఎవరి క్లాసులో వాళ్ళనే పిలవమన్నాను. స్టాఫ్‌రూములో ఇంకో ఐదుగురు కూడా అదే అన్నారు. వాళ్ళలో ఇద్దరంటే నాకు అస్సలు పడదు.

ఆపా ఇప్పుడు నల్లగొండలో ఉంది. పోయిన రంజానుకు ఫోన్ చేసి, నీ గురించి ఎప్పటికైనా రాస్తానన్నాను.

"నా గురించి ఏముందని రాస్తవ్? రాస్తే నిలంతి గురించి రాయ్. రోజులు దగ్గర పడుతుంటే పెట్టె సర్దకుండ, మనందరిని నమ్ముకొని కూసున్నది ఆమె గదా," అంది.

నాకు మళ్ళీ మండింది. వద్దనడం కూడా నాకంటే బాగా చెప్పగలదు ఆ మనిషి. అయినా ఆమె గురించే రాశాను. ఆమె మాట కాదని నేను చేసిన పనుల్లో ఇది రెండోది.