జానెడు గట్టు

ఆ ఉదయం స్నానాల గదిలో చెంబు పడ్డ చప్పుడైంది. అమ్మ చేతిలోంచి జారిందనుకున్నాను. కాసేపటికి మళ్లీ పడింది. పిలిస్తే ఏదో అంది, నాకు అర్థం కాలేదు. తలుపు నెట్టి చూస్తే గోడకు ఒరిగి ఉంది. మూతి ఒక పక్కకు లాగేసింది. కుడిచెయ్యి వేలాడుతోంది.

నాన్న పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీ జీపులో దాచేపల్లి నుంచి గుంటూరు తీసుకెళ్లాం.

"బీపీ చాలా ఎక్కువుంది. స్ట్రోక్. కుడిపక్క పెరాలిసిస్" అన్నారు డాక్టరుగారు.

డిశ్చార్జ్ రోజున, "ఫిజియోథెరపీ మానకండి, ఇంప్రూవ్‌మెంట్ ఉంటుంది" అన్నారు. నాన్న ఆ మాట పట్టుకున్నాడు. ఇంటికెళ్లాక స్నానం ఎట్లా అని అడగాలని నా నోటిదాకా వచ్చింది. అంతమంది మగవాళ్ల ముందు ఆ మాట ఎత్తలేకపోయాను.

మా స్నానాల గది దొడ్లో ఉంది. వాననీళ్లు, పందులు లోపలికి రాకుండా గుమ్మానికి జానెడు గట్టు. లోపల నున్నటి నాపరాళ్లు. అమ్మ కుడికాలు బెత్తెడు కూడా లేవదు.

"ఏందన్నా ఇది? ఆ గట్టు పగలగొట్టించు, కుర్చీతో సహా లోపలికి తోయొచ్చు" అంది పక్కింటి సైదమ్మత్త.

"ఇంప్రూవ్‌మెంట్ వచ్చాక మళ్లీ కట్టుకోవాలా?" అన్నాడు నాన్న.

"గట్టు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. మనిషి పడితేనో?"

నాన్న లేచి వెళ్లిపోయాడు. గట్టు తీస్తే అమ్మ ఇక నడవదని ఒప్పుకున్నట్టే ఆయనకు.

పోనీ వరండాలో కుర్చీ వేసి నీళ్లు పోస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు.

"కూర్చోబెట్టి ఇంకొకళ్లు పోసేది పీనుక్కే. నే చచ్చిందాకా ఆగవే" అంది. మాట ముద్దగా వచ్చినా ఇది మాత్రం నాకు బాగానే అర్థమైంది.

అందుకని రోజూ నా భుజం పట్టుకుని గట్టు దాటేది. కుడికాలు నేను చేత్తో ఎత్తి లోపల పెట్టేదాన్ని. వానలు పడ్డాక ఒకరోజు ఆమె ఎడమకాలు రాయి మీద జారింది. ఇద్దరం పడ్డాం. నేను లేచాను.

"హిప్ ఫ్రాక్చర్. ఇక నడక మీద ఆశ పెట్టుకోకండి" అన్నారు డాక్టరుగారు ఎక్స్‌రే చూసి.

"ఇంప్రూవ్‌మెంట్ ఉంటుందన్నారు గదండీ" అన్నాడు నాన్న.

"అంటే గ్లాసు పట్టుకోగలుగుతుందని. పూర్తిగా నయమవుతుందని కాదు."

అమ్మ కాలికి బరువు వేలాడదీసి ట్రాక్షన్ కట్టారు. పడుకుని పడుకుని నడుం దగ్గర బెడ్‌సోర్ పుండు పడింది. నాన్న మధ్యలో ఇంటికెళ్లి సమ్మెట తీసుకున్నాడట.

"ఒక్క దెబ్బకే ఊడింది. మీ నాన్న ఆ ముక్క పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడమ్మా" అని సైదమ్మత్త తర్వాత చెప్పింది.

ఇప్పుడు అమ్మ పడుకునే వెనకగది నుంచి స్నానాల గదిదాకా గరుకు రాళ్లు ఒకే మట్టంగా ఉన్నాయి. నాన్న చక్రాలు బిగించిన కుర్చీ తిన్నగా లోపలికి పోతుంది. మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే, సిగ్గుపడకుండా డిశ్చార్జ్ రోజే డాక్టరుగారిని అడగండి: ఇంటికెళ్లాక స్నానం ఎట్లా అని. ఆయన చెప్పినదాన్నిబట్టి, రోగి ఇల్లు చేరకముందే మీ గుమ్మానికీ ఇలాంటి గట్టుంటే తీసేయించండి.

అమ్మను కూర్చోబెట్టి నేనే నీళ్లు పోస్తున్నాను. కళ్లు గట్టిగా మూసుకుంటుంది. ఆఖరి చెంబు మాత్రం ఎడమచేత్తో లాక్కుని తనే పోసుకుంటుంది. సగం నీళ్లు నేలపాలు.

"పీనుగ పోసుకోదుగా" అంటుంది.