పదహారో నంబరు

వీధిలో ఎవరికి కాగితం వచ్చినా ముందు పెద్దమ్మ చేతికే చేరేది. పల్లెబడిలో ఐదో తరగతి ఫస్టున పాసైన మనిషి. కరెంటాఫీసు నోటీసులు చదివి ఎన్నో తగువులు తీర్చిన మనిషి. అందుకే కోడలి గర్భాశయ ముఖద్వార పరీక్ష కాగితం వచ్చినప్పుడూ ఆవిడే కళ్లజోడు పెట్టుకుంది. అందులో ‘16: ఉంది’ అని రాసుంది.

"నీది పదహారో నంబరట. జాబితాలో పేరుంది. పిలిచినప్పుడు వెళ్దువులే."

కోడలు సరేనని కుట్టుమిషను దగ్గరికి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు గడిచాయి. ఈ రోజు ఆ పరీక్ష చేసిన నర్సే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అది వరస నంబరు కాదు పెద్దమ్మా. ఆ పరీక్షలో వెతికేది ఒక వైరస్‌ని. అందులో చాలా రకాలున్నాయి. పదహారో రకం మొండిది, ఒంట్లో పాతుకుపోతే క్యాన్సర్ తేవచ్చు. ఉందంటే క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు. కానీ అప్పుడే రావాల్సింది."

"ఇన్నాళ్లకి అత్తయ్య ఒక పరీక్ష తప్పిందన్నమాట," అని నవ్వబోయింది కోడలు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "రెండు నెలలుగా నెలసరి కాని రోజుల్లో కూడా రక్తం కనబడుతోంది," అంది.

నర్సు రేపే పెద్దాసుపత్రిలో చూపించుకోమని చీటీ రాసిచ్చింది. పెద్దమ్మ చీటీ అందుకుని అలవాటుగా కళ్లజోడు చేతిలోకి తీసుకుంది, పెట్టుకోలేదు. చీటీ తిరిగి నర్సు చేతిలోనే పెట్టింది.

"నువ్వే చదువమ్మా. అర్థం కూడా చెప్పు. నాకు తెలీదు."

ఆ మాట ఆవిడ నోట వినడం కోడలికి అదే మొదటిసారి.