ఇరవై రెండు వేల రెండు వందల డెబ్బై ముగ్గురు

ఎంత పెద్ద గుంపులో నిలబడినా మనలో ప్రతి ఒక్కరినీ విడిగా ఎరిగిన దేవునికి స్తోత్రం. లెక్కలంటే భయపడే నాకు ఆ లెక్కల్లోనే ఒక సాయంత్రం సంతోషం చూపించినందుకు మరింత స్తోత్రం.

మా తమ్ముడి కూతురు మార్కాపురంలో మా ఇంట్లో ఉండి డిగ్రీలో లెక్కలు చదువుతోంది. కొనకనమిట్ల నుంచి వాళ్ల నాయన ఎప్పుడు ఫోను చేసినా మొదట అడిగేది ఒకటే: "మందిరానికి వస్తా ఉందా, అక్కా?" ఈమధ్య రావడం లేదు. ఆదివారం పొద్దునే తలనొప్పి అంటుంది. స్త్రీల కూడికలో వాక్యం చెప్పే నా ఇంట్లోనే ఒక బిడ్డ జారిపోతోందని దిగులు పట్టుకుంది. ఒకరోజు ఉండబట్టలేక ఎందుకు రావడం లేదని అడిగేశాను.

"బైబిల్లో ఇశ్రాయేలీయులకు అరణ్యంలో చేసిన జనాభా లెక్క చదివినా అత్తా. ఏ గోత్రం చూసినా సున్నాతోనే అయిపోతాది. మనుషులు అట్ల పుడతారా? ఎవరో కూర్చోని ఉజ్జాయింపుగా రాసినారు."

నిజమే కదా అనిపించింది. ఇన్నేళ్లూ ఆ అధ్యాయాలను పైపైన చదివి దాటిపోయినదాన్ని. ఆ రోజు వేలు పెట్టి చదువుతూ పోతే తొలిచూలు మగవాళ్ల లెక్క దొరికింది: 22,273. చివర సున్నా లేదు!

"ఇదేంది మరి?" అని చూపించాను.

ఆ పిల్ల కాసేపు చూసి, "ప్రధాన సంఖ్య మాదిరుందే" అంది. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితో భాగించినా ఏదో ఒకటి మిగిలే సంఖ్యను అలా అంటారట.

మా ఆయనది పలకల కార్ఖానాలో పని. అంచు విరిగిన పలకలు ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. చెరొకటి తీసుకున్నాం. నేను ఏడుతో మొదలుపెట్టాను, వాక్యంలో అది సంపూర్ణతకు గుర్తు కనుక. ఆరు మిగిలింది. తరువాత ఇశ్రాయేలు గోత్రాలు పన్నెండని తలచుకుని పన్నెండుతో వేయబోయాను.

"రెండుతోనే పోనిది పన్నెండుతో ఎట్ల పోతాది అత్తా!" అని ఆ పిల్ల పకపకా నవ్వింది.

"నవ్వింది చాల్లే గానీ, యాడిదాకా వేయాల? ఇరవై రెండు వేలదాకానా?"

"నూట నలభై తొమ్మిది దాకా చాలు. నూట యాభైని నూట యాభైతో గుణిస్తే దీన్ని దాటిపోతాది. పెద్ద సంఖ్యతో భాగం పోయేదుంటే, దాని జోడు చిన్నది మనకు ముందే దొరకాల. అందులోనూ ప్రధాన సంఖ్యలతో వేస్తే సరి."

ఇరవై తొమ్మిదితో వేస్తే ఒకటే మిగిలింది. "ఒక్కడే అమ్మే! ఒక్కడి కోసం తప్పిపోయింది!" అని అరిచాను. నూట ముప్పై ఒకటికి ముగ్గురు. ఆఖరుకు నూట నలభై తొమ్మిదికి డెబ్బై ఇద్దరు మిగిలాక ఆ పిల్ల బలపం కింద పెట్టింది. ఒంటి వరుసలో తప్ప, ఎన్ని సమాన వరుసల్లో నిలబెట్టబోయినా ఎవరో కొందరు బయటే ఉండిపోయే గుంపు అది.

"చూసినావా? ఒక్కొక్కరినీ లెక్కపెట్టినారు" అన్నాను, గెలిచినట్టు.

"ప్రధాన సంఖ్య అని తేలింది అత్తా. లెక్కపెట్టినారని యాడ తేలింది? పైగా ఆడపిల్లల్ని కలపనే లేదు."

నేనూ నా పలక కింద పెట్టాను. తరువాత అన్నాను: "ఆ మాట ఆదివారం పాస్టరయ్యనే అడుగు. నేను నీ పక్కనే నిలబడతా."

"అందరి ముందరా?"

"అందరి ముందరే."

వస్తానని చెప్పలేదు, రాననీ అనలేదు. ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది. ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు నాకూ కావాలి. ఆ బిడ్డ దాన్ని వెంటపెట్టుకునే మందిరానికి రావాలనీ, మా పాస్టరయ్యకు ఓపిగ్గా వినే మనసు కలగాలనీ, దయచేసి నాతో కలిసి మీరూ ప్రార్థించండి.