నాలుగు చక్రాలకూ బలం అందే బండి

మా తమ్ముడి బండి తాళం చేతిలోకి తీసుకున్నప్పుడే నాకు భయం పట్టుకుంది. అప్పుడు భయపడింది మాత్రం దాని రంగు మీద గీత పడుతుందేమోనని.

తమ్ముడు అడవి ప్రాంతాల్లో సెల్ టవర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాడు. రోడ్డు లేని చోటికి కూడా పోవాలి కాబట్టి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే పెద్ద బండి కొనుక్కున్నాడు. ఈసారి ఆషాఢం వానల్లో పనిచేసి, జ్వరం తెచ్చుకుని, ఛత్రినాకలోని మా ఇంటికి వచ్చి మంచం ఎక్కాడు. బండి మా సందులో నిలిచిపోయింది. తలుపుల సగం వరకూ ఎర్రమట్టి గట్టిగా ఎండిపోయి, చక్రాల పైన గూళ్ళలో పిడకల్లా అంటుకుని ఉంది. మర్నాడు మా సందులోంచి బోనాల ఘటం ఊరేగింపు పోతుంది.

"ఏందమ్మా, మీ తమ్ముడు పొలం దున్ని గట్లనే తోలుకొచ్చిండా?" అంది ఎదురింటావిడ. "రేపు అమ్మవారొచ్చే తొవ్వల గీ మట్టి దిబ్బ ఏంది?"

ఆ మాటకు రోషం వచ్చి నేనే తడిగుడ్డ పట్టుకుని బయల్దేరాను. తమ్ముడు మంచం మీదినుంచే అరిచాడు.

"అక్కా, నీకు దండం పెడ్త, తుడ్వకు! ఎండిన మట్టి మీద గుడ్డ పెడితే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ముందు నీళ్ళు కొట్టి నాననియ్యాలె."

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేరిన నాటినుంచీ డైరీ రాస్తున్నదాన్ని. చెప్పినవి చెప్పినట్టు రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజూ పెన్ను తీశాను. బండిని ఎండలో కడగకూడదు. బట్టల సబ్బుపొడి వాడకూడదు, బండి షాంపూయే వాడాలి. పైన తుడిచిన గుడ్డ చక్రాలకు, చక్రాలు తుడిచిన గుడ్డ పైకి వాడకూడదు. నీళ్ళ గన్ను దగ్గరగా పెట్టకూడదు. కింద ఇరుసుల దగ్గర ఉండే రబ్బరు తొడుగుల మీదికి సూటిగా కొట్టకూడదు. అవి చిరిగితే లోపలికి మట్టి పోయి ఇరుసు పాడవుతుంది. కడిగాక కింద డీజిల్ కొడతామంటే వద్దనాలి, రబ్బరు ఉబ్బుతుంది.

నేను పెన్ను మూస్తుంటే తమ్ముడు కళ్ళు మూసుకునే ఇంకో మాట అన్నాడు. "గిది నీ బండి లెక్క కాదక్కా. నీది ముంగట గుంజుతది, అంతే. గిది ముంగట గుంజుతది, ఎనకకెల్లి నూకుతది. ముంగటి చక్రాలు జారినయంటే చాలు, బలమంత ఎనకవాటికే అందుతది."

కొత్త బండి ఉన్నవాడు ఆ మాత్రం గొప్పలు చెప్పుకోడా అనుకున్నాను. కడగడానికి సంబంధించిన సంగతి కాదని దాన్ని రాసుకోలేదు.

చాంద్రాయణగుట్ట వంతెన అవతల, నా చిన్న కారును ఎప్పుడూ కడిగించే చోటికే తీసుకెళ్ళాను. దారి పొడవునా ఆటోలు రాసుకుంటాయేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకునే నడిపాను. కడిగే ఆయన నాకు బాగా తెలుసు. నడివయసు మనిషి, నెరుస్తున్న గడ్డం, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. నేను సంచిలోంచి గుడ్డలు తీసి, చక్రాలకు వాడాల్సిన వాటికి ముడి వేసి వేరుగా ఇస్తుంటే ఆయనకు నవ్వు వచ్చింది.

"ఏందమ్మా, బండికి షాదీ చేస్తున్నవా? హల్దీ బట్టలు వేరే, నికా బట్టలు వేరేనా?"

"నాది కాదు భాయ్, తమ్మునిది. గీత పడితే ఇంట్లకు రానియ్యడు."

"ఫికర్ నక్కో. గీత పడితే నా మీసం గీక్కుంట."

"నీకు మీసమేది?"

"గందుకే ధైర్యంగ చెప్తున్న."

నేను చెప్పినట్టే చేశాడు. రేకు నీడలో పెట్టించి, దూరంనుంచి నీళ్ళు చల్లి, మట్టి మెత్తబడేదాకా టీ తాగుతూ కూర్చున్నాడు. మళ్ళీ నీళ్ళు కొడితే మట్టి దానంతట అదే పెచ్చులుగా జారిపోయింది. కింద కొట్టేటప్పుడు నేను వంగి చూస్తూనే ఉన్నాను. రబ్బరు తొడుగుల జోలికి పోలేదు. తలుపుల మీద ఒక్క గీత లేదు. గుండె కుదుటపడింది.

ముందు చక్రాల గూళ్ళలో, లోపలివైపు మట్టి మాత్రం రాలేదు. ఆయన ఇనుప చక్రాల జాకీ ఒకటి ఈడ్చుకొచ్చి, బండి ముందు భాగం కింద పెట్టి, రెండు ముందు చక్రాలనూ నేలనుంచి లేపాడు. జాకీ లేచేటప్పుడు బండి కాస్త కదలాలని హ్యాండ్ బ్రేకు తీయించాడు. వెనక చక్రాలకు రాయి గాని ఇటుక గాని అడ్డం పెట్టలేదు. ఎప్పుడూ పెట్టలేదు. ఇది ఇక్కడి పద్ధతి. చక్రాలు గాలిలో ఉండగా ఇంజను స్టార్టు చేసి మొదటి గేరు వేస్తే అవి వాటంతట అవే తిరుగుతాయి. తిరిగే చక్రం మీదికి గన్ను కొడితే మూలమూలల మట్టీ ఎగిరిపోతుంది. నా బండికి ఇలా ఎన్నిసార్లు చేయించానో లెక్క లేదు.

"కూసో అమ్మా. ఫస్టుల వేసి మెల్లగ క్లచ్ వదులు. పయ్య తిర్గనియ్యి," అని ఆయన బంపరు ముందు గొంతుకూర్చున్నాడు. ఒక చేతిలో గన్ను. రెండో చేతిలో బ్రష్షు, అది చక్రం గూటిలోకి పెట్టి ఉంది. ఆయన వీపు వెనక గోడ.

కూర్చున్నాను. స్టార్టు చేశాను. క్లచ్ అదిమి గేరు వేశాను. ఎడమ కాలు సగం దాకా పైకి లేచింది కూడా. అప్పుడు తమ్ముడి మాట వినిపించింది. ముంగటి చక్రాలు జారినయంటే చాలు.

గాలిలో తిరిగే చక్రం జారే చక్రమే కదా! దానికి పట్టు లేదని బండికి తెలిసిపోతుంది. బలమంతా వెనక్కి పంపుతుంది. వెనక చక్రాలు నేల మీద ఉన్నాయి. బండి జాకీ మీదినుంచి ముందుకు దూకుతుంది. ముందు ఆ మనిషి, ఆయన వెనక గోడ.

కాలు మళ్ళీ కిందికి అదిమాను. అది ఎడమ మోకాలు, మెట్లు ఎక్కితే పట్టేసే మోకాలు. వణకడం మొదలుపెట్టింది. కాలు జారితే ఆ మనిషి లేడు. బ్రేకు తొక్కాలని, తాళం తిప్పాలని తెలియని దాన్ని కాను. కానీ ఆ క్షణంలో తెలిసినవన్నీ ఒకేసారి బయల్దేరి గడపలో ఇరుక్కుపోయాయి. చేతులు స్టీరింగును పట్టుకుని వదలడం లేదు. "లే భాయ్, పక్కకు జరుగు!" అని అరిచాను. పంపు మోతలో నా గొంతు నాకే వినపడలేదు. హారన్ కొట్టాను.

ఆయన తలెత్తి, నేను సిద్ధమయ్యానని చెబుతున్నాననుకుని, బ్రష్షు పట్టుకున్న చెయ్యి ఊపాడు. "ఆ, వదులు, వదులు!"

ఆ ఊపిన చెయ్యి ఇప్పటికీ కళ్ళముందు ఆడుతుంది. తొడ కండరం రాయిలా బిగుసుకుపోయింది. చెప్పులోంచి మడమ జారుతోంది. కాలి కింద చెమటో, తడి నేల మీద తిరిగినప్పుడు అంటిన నీళ్ళో తెలియదు. దేవుణ్ణి తలచుకోవాలన్నా తోచలేదు. చివరికి కుడి చెయ్యి ఎలా ఊడివచ్చిందో, తాళం తిప్పాను. ఇంజను ఆగింది. ఆగిన తర్వాత కూడా క్లచ్ మీదినుంచి కాలు తీయలేకపోయాను.

ఆయన పంపు కట్టేసి అద్దం దగ్గరకు వచ్చాడు. "బంద్ చేసినవేందమ్మా? ఏమైంది, చక్కర్ వచ్చి కండ్లు తిరిగినయా?"

"గిది ఎనక చక్రాలు గూడ తిప్పుతది భాయ్." అన్నాను.

"ఎనక పయ్యలు ఎట్ల తిర్గుతయమ్మా, అవి నేల మీదున్నయి క..."

ఆ మాట పూర్తి చెయ్యలేదు. వెనక చక్రాలకేసి చూశాడు. అక్కణ్ణుంచి జాకీ కేసి, తను కూర్చున్న చోటికేసి, గోడ కేసి చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "యా అల్లా," అని మెల్లగా అని, తడి చేతులతోనే మొహం తుడుచుకున్నాడు.

"నీ బండి లెక్కనే అనుకున్న," అన్నాడు.

"నేనూ గట్లనే అనుకున్న."

నన్ను దిగమన్నాడు. దిగి గోనెసంచి మీద కూర్చున్నాను. ఆయన వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, పక్కనుంచి చెయ్యి చాపి జాకీ దించాడు. తర్వాత ఇంజను జోలికి పోకుండా, గేరు తీసి, తలుపు పట్టుకుని బండిని అడుగు అడుగుగా వెనక్కి తోస్తూ, ప్రతిసారీ రాళ్ళు పెడుతూ, చక్రం ఎంత తిరిగితే అంత మేర కడిగాడు. చాలాసేపు పట్టింది. వెనక ఒక ఆటోవాడు "ఏం భాయ్, బచ్చాను నడిపిస్తున్నవా?" అని ఎగతాళి చేస్తే, ఎప్పుడూ మాటకు మాట ఇచ్చే మనిషి వంగి ఇంకో రాయి అడ్డం పెట్టాడు.

నేను మెరుస్తున్న ఆ రంగును చూడనే లేదు. ఆయన చేతులనే చూస్తూ కూర్చున్నాను. సబ్బునీళ్ళలో నాని ముడతలు పడిన వేళ్ళు. అన్నీ ఉన్నాయి. ఎక్కడో వాటి కోసం అన్నం వడ్డించి ఎదురుచూసేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు ఈ సాయంత్రం ఏమీ తెలియదు.

పని అయ్యాక బండిని తోసి, దాని ముఖం రోడ్డు వైపు తిప్పి నిలిపాడు. స్టీరింగు ముందు కూర్చున్నానే గాని తాళం తిప్పలేకపోయాను. బయటికి పోయే ప్రతి బండికీ ఆయనే ముందు నిలబడి "ఆనే దేవ్, ఆనే దేవ్, రానియ్యి" అంటూ రోడ్డు మీదికి దారి చూపిస్తాడు. ఆ రోజూ అలవాటుగా వచ్చి బంపరు ముందు నిలబడ్డాడు.

"నువ్వు అక్కడుంటే నేను స్టార్టు చెయ్య భాయ్," అన్నాను.

"చక్రాలన్నీ కిందనే ఉన్నయి కదమ్మా, ఇప్పుడేం భయం?"

"ఉన్నా సరే. నువ్వు ఇటు రా."

వచ్చాడు. నా కిటికీ అంచు మీద చెయ్యి వేసి, "చల్ అమ్మా," అన్నాడు. ఆ చెయ్యి అక్కడ ఉందని చూసుకుంటూనే క్లచ్ వదిలాను. బస్సులు పోయే పెద్ద రోడ్డు వచ్చేదాకా, నడకంత వేగంతో, ఆయన నా పక్కనే నడిచాడు.