వెనక సీటు ముచ్చట

పెద్ద బండ్ల గురించి రాసేవాళ్ళంతా ఇంజన్ దగ్గర మొదలుపెడతారు. వీ ఆకారంలో రెండు సిలిండర్లు ఉంటాయనీ, తక్కువ స్పీడులో కాస్త మొరాయిస్తుందనీ, హైవే ఎక్కాక మెత్తబడుతుందనీ చెబుతారు. అన్నీ నిజాలే. దాని చప్పుడు సమానంగా ఉండదు. ఒక దెబ్బ, చిన్న ఆలస్యం, ఇంకో దెబ్బ. ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఆగితే వెనక సిలిండర్ వేడి తొడను కాలుస్తుంది. ట్యాంకు నిండుగా ఉంటే బరువంతా పైనే ఉంటుంది, నా పొట్టి కాళ్ళకేమో మునివేళ్ళు మాత్రమే నేలకు ఆనుతాయి. ఇవన్నీ నేనూ రాయగలను. కానీ ఆ బండి అసలు సంగతి వెనక సీటులో ఉంది, నేను ఎప్పుడూ ముందే కూర్చున్నాను.

నలభై దాటాక కొన్న బండి అది. మేముండే స్కార్‌బరో నుంచి డౌన్‌టౌన్ ఆఫీసుకు బస్సులూ సబ్‌వేలూ మారలేక కొన్నానని అందరికీ చెప్పేదాన్ని. అబద్ధం. గుంటూరులో కాలేజీ రోజుల్లో తమ్ముడి బండి తాళాలు అడిగితే, "ఆడపిల్లవి, నీకెందుకే అంత బండి" అన్నారు ఇంట్లో. ఆ మాట ఇన్నేళ్ళూ మనసులో పెట్టుకున్నాను. మా ఆయన ఒక్కసారి వెనక ఎక్కి, నడుం పట్టుకుని దిగి, "నీ బండి, నీ ఇష్టం" అనేశాడు. అడవులూ కొండలూ దాటడానికి చేసిన బండి మీద నా సాహసయాత్రలు ఇంటి నుంచి కాఫీ షాపు దాకా సాగుతుండేవి.

ఒక శనివారం పొద్దున బంకులో పెట్రోలు నింపుకుని, హెల్మెట్ పెట్టుకుని, బండి స్టార్ట్ చేసి గ్లోవ్స్ తొడుక్కుంటున్నాను. పక్కనే ఉన్న బస్టాపు నుంచి కేక వినబడింది.

"అన్నా! స్టాండు! స్టాండు తియ్యలే!"

స్కార్‌బరోలో తెలుగు వినబడటం వింత కాదు. ఆ కేక వింత. మన ఊళ్ళలో సైడు స్టాండు తీయకుండా వెళ్ళేవాళ్ళను చూస్తే ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా అరుస్తారు, ఎదురొచ్చేవాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. దేశం దాటాక ఆ అరుపు వినలేదు. హెల్మెట్ తీశాను. కాఫీ షాపు యూనిఫాం మీద జాకెట్టు వేసుకున్న అమ్మాయి నాలుక కరుచుకుంది.

"అయ్యో, అక్కా! అన్న అనుకున్న. సారీ అక్కా."

"పర్లేదులే. స్టాండు తీయకుండా గేరేస్తే ఈ బండి ఇంజనే ఆగిపోతుంది."

"అట్లనా?" అని వంగి చూసింది. "అంటే ఈడ ఎవ్వరు ఎవ్వరికి చెప్పుడు అక్కర్లేదన్నట్టు."

జగిత్యాల అమ్మాయి. కాలేజీలో చదువుకుంటూ, పార్ట్‌టైం చేసుకుంటూ, ఒక అపార్ట్‌మెంట్ టవర్లో మరికొందరు అమ్మాయిలతో కలిసి ఉండేది. ఆ రోజుల్లో ఏ బస్సెక్కినా మన పిల్లలే కనబడేవారు. ఊళ్ళో నాన్న బండి నడిపిన అలవాటుంది కాబట్టి నా బండిని కళ్ళతోనే తినేసింది. మరుసటి శనివారం నా దగ్గరున్న రెండో హెల్మెట్ ఆమె తలకు సరిపోయింది. దారిలో మాట్లాడుకోవడానికి హెల్మెట్లలో ఇంటర్‌కామ్ పెట్టించాను. అలా మా తిరుగుళ్ళు మొదలయ్యాయి.

ఇక్కడే ఒక సంగతి చెప్పేయాలి. చదువయ్యాక ఆ అమ్మాయికి వర్క్ పర్మిట్ వస్తుందా, సర్దుకుని వెళ్ళిపోవాల్సిందేనా అన్నది మేం తిరిగిన ఆ రెండు వేసవుల్లోనే తేలాలి. నియమాలు మారుతున్నాయి, ఆమె చేరిన కోర్సు ఆ మార్పుల్లో ఇరుక్కుంది. వెనక కూర్చున్న ఆమెకు అది తెలుసు. ముందు కూర్చున్న నాకు తెలియదు. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో చెప్పలేను.

బండెక్కగానే "ముచ్చట పెడదామా అక్కా?" అనేది. ఇక ఆగేది కాదు. పనిలో చేరిన మొదటి రోజు ఎవరో "డబుల్ డబుల్" అడిగితే, రెండేసి చెంచాల క్రీమూ పంచదారా అని తెలియక, రెండు కప్పులు రెండుసార్లు కట్టి ఇచ్చిందట. ఆ కథ విని నవ్వుతూ నేను హైవే ఎగ్జిట్ దాటిపోయాను. బండి గురించీ చెప్పేది. "వెనక కూసుంటే ఇంజన్ సీట్లకెళ్ళి మాట్లాడినట్టే ఉంటది అక్కా. నువ్వు పై గేరు తొందరగ వేస్తున్నవ్, దానికి గొంతు పట్టినట్టయితుంది." నిజమే, అది వణికేది నా తొందర వల్లే. కంకర రోడ్డు కనబడితే ఊరుకునేది కాదు. "దించు అక్కా, దీనికోసమే కదా కొన్నవ్?" దించాను. వెనక చక్రం జారినప్పుడు నేను దేవుళ్ళను తల్చుకున్నాను, ఆమె ఈల వేసింది. ఆ బండిని నేను నిజంగా నడిపింది ఆ రోడ్ల మీదే. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న శనివారాలు ఎక్కువ లేవు.

ఏం చదువుతున్నావని ఒకసారి అడిగాను. "బిజినెస్ అక్కా. ఆ ట్రక్కును దాటు ముందు" అంది. దాటాను.

రెండో వేసవి, జూన్‌లో టోబర్‌మోరీ వెళ్ళాం. హ్యూరన్ సరస్సు పక్కగా దూరప్రయాణం. ఆరోజు సగం దారి ఆమె ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటర్‌కామ్‌లో ఛార్జింగ్ అయిపోయిందేమో అనుకున్నాను. "వినబడుతోందా?" అని రెండుమూడు సార్లు అడిగితే, చివరికి "వినబడుతుంది అక్కా" అంది. గొంతు బరువుగా ఉంది. గాలికి జలుబు చేసిందనుకుని, ఆగినచోట వేడి వేడి టీ ఇప్పించాను. అద్దాల్లో చూస్తే ఆమె భుజాలూ, బండి వెనక సామాను పెట్టె తప్ప ఏమీ కనబడవు. పెద్ద తెలివైనదానిలాగా, జాకెట్టు జిప్పు పైదాకా వేసుకోమని చెప్పాను.

చలి ముదిరాక బండిని గరాజ్‌లో పెట్టి బ్యాటరీ తీస్తుంటే సాయానికి వచ్చింది. స్పానర్ అందిస్తూ చెప్పింది.

"ఇగ వచ్చే ఎండకాలం నేనుండ అక్కా."

"ఎందుకు, వేరే ఊళ్ళో ఉద్యోగమా?"

"ఇంటికి పోతున్న. నా కోర్సుకు వర్క్ పర్మిట్ రాదట. మనం టోబర్‌మోరీ పోయిన నాడు పొద్దుగాలనే ఎరుకైంది."

నాకు ముందు వచ్చింది కోపమే. "అప్పుడే ఎందుకు చెప్పలేదే? నేను ఇవన్నీ పడి వచ్చినదాన్ని కదా! వేరే కాలేజీకి మారే దారి చూసేవాళ్ళం. ఎవరినైనా అడిగేవాళ్ళం. వారం వారం నా వీపు వెనకే కూర్చుని ఒక్క ముక్క చెప్పలేదు!"

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుంది.

"రూముల అదే ముచ్చట, పనికాడ అదే ముచ్చట, ఫోన్ల అమ్మతోని అదే ముచ్చట. బండి మీదన్న ఆ ముచ్చట వద్దనుకున్న అక్కా. వారంల ఆ ఒక్క పూటే నాకు బుగులు లేకుండె."

మా వైపు ముచ్చటంటే సరదా, ముద్దు. ఆమె వైపు ముచ్చటంటే సంగతి, మాట. మంచిదైనా ముచ్చటే, చెడ్డదైనా ముచ్చటే. రెండేళ్ళూ ఆమె ఆ మాట అన్నప్పుడల్లా నాకు మా అర్థమే వినబడింది. చీకూ చింతా లేని పిల్ల అనుకున్నాను. చింత లేక కాదు, దాన్ని కాసేపు కింద పెట్టి బండెక్కేది.

తర్వాత ఇద్దరం తిరగవలసినచోట్లన్నీ తిరిగాం. అడిగినవాళ్ళంతా ఇంకాస్త ముందు రావలసిందన్నారు. చదువు కోసం ఇచ్చిన ఆమె పర్మిట్ గడువు దగ్గరపడింది, మరో కోర్సులో చేరి మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఆమెకు లేదు. జూన్‌లోనే చెప్పి ఉంటే నిలబడేదో లేదో నాకు తెలియదు. అయినా ఆ జూన్ నన్ను వదలదు. సరస్సు పక్కన టీ తాగుతూ ఆమె ముఖంలోకి ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే అడిగేదాన్ని. ఆ రోజు నేను సరస్సును చూస్తున్నాను.

ఎయిర్‌పోర్టుకు కారులో తీసుకెళ్ళాను. బయట మంచు పడుతోంది. వెనకంతా సూట్‌కేసులు, ఆమె నా పక్కన కూర్చుంది. తల తిప్పితే ముఖం కనబడుతోంది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉంది. ఎప్పుడు తగిలిందో, ఎలా తగిలిందో నాకు తెలియదు. అడుగుదామనుకున్నాను. అడిగితే ఏడుస్తానని భయమేసి రోడ్డు వైపు తిరిగాను. ఆమె కూడా కిటికీలోంచి బయటికే చూస్తోంది. గాలిలో, ఇంజన్ మోతలో, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా అన్ని మాటలు చెప్పుకున్నవాళ్ళం, చడీచప్పుడూ లేని కారులో పక్కపక్కన కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక ఉండిపోయాం. టెర్మినల్ బోర్డు కనబడ్డాక, సూట్‌కేసుల బరువు సరిచూసుకున్నావా అని అడిగాను. చూసుకున్నానంది.